మూడేళ్లలోపు బిడ్డను ఎవరు చూడాలి?

నమస్కారం. కూలికి వెళ్లే తల్లి తన ఏడాది బిడ్డను ఎవరి దగ్గర వదిలి వెళ్లాలి? మన ప్రభుత్వాలు చేసే సాయంలో ఈ ప్రశ్నకు జవాబు ఉందా? ఈరోజు దీని గురించే మాట్లాడుకుందాం.

ముందు డబ్బు సంగతి చూడండి. తొలి కాన్పుకు ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద కేంద్రం 5,000 రూపాయలు ఇస్తుంది. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం ఉంది. బిడ్డకు 15,000 అని లెక్క, అందులో 2,000 బడి నిర్వహణకు పోను 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. మంచి పథకమే, కాదనను. కానీ అది మొదలయ్యేది ఒకటో తరగతితో. కాన్పుకూ ఒకటో తరగతికీ మధ్య దాదాపు ఆరేళ్లున్నాయి. బిడ్డ పక్కన క్షణం విడవకుండా మనిషి ఉండాల్సిన ఏళ్లు అవే. తల్లి కూలి పోగొట్టుకునే ఏళ్లూ అవే.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. ఉంది. 1975 అక్టోబరు 2న ఈ వ్యవస్థ మొదలైంది, కోట్ల మంది పిల్లల కడుపు నింపింది. కానీ అక్కడ రోజూ కూర్చుని ఆడుకునేది, అన్నం, గుడ్డు తినేది మూడేళ్లు నిండిన పిల్లలు. అంతకన్నా చిన్నవాళ్లకు ఇంటికి పంపేది బాలామృతం, రెండున్నర కిలోల ప్యాకెట్. ఆ పిండిని వేడినీళ్లలో కలపాలి, ఉండలు కట్టకుండా చూడాలి, చల్లార్చాలి, గిన్నె పట్టుకుని బిడ్డ వెంట తిరుగుతూ తినిపించాలి. ఇదంతా చేయాల్సిన మనిషి తెల్లవారకముందే ఆటో ఎక్కి మిరప కోతకు వెళ్లిపోయింది. ఇంట్లో ముసలి అత్త ఉంటే సరే. లేకపోతే ఎనిమిదేళ్ల అక్క బడి మాని చంకన తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది. ఆ పిల్ల హాజరు పట్టీలో పడే సున్నాలకు అసలు కారణం ఊళ్లో శిశు సంరక్షణ కేంద్రం లేకపోవడం. ఈ మాట ఏ బడి మానేసిన పిల్లల సర్వేలోనైనా పెద్ద అక్షరాలతో రాయాలని నా కోరిక.

కేంద్రానికి ఈ లోటు తెలియదని అనుకోకండి. 2022లో మిషన్ శక్తి అనే మహిళల పథకం కింద పాల్నా అనే పథకం తెచ్చారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలను పగలంతా చూసుకోవడం, నిద్రపుచ్చడం, తిండి పెట్టడం, బరువు తూచడం, టీకాలు వేయించడం దాని పని. అంగన్‌వాడీకే శిశు సంరక్షణ కేంద్రాన్ని జోడించి దేశమంతటా 17,000 కేంద్రాలు పెట్టాలన్నది లక్ష్యం. ఆలోచన చక్కనిది. కానీ దేశంలో అంగన్‌వాడీలు 13 లక్షలకు పైనే ఉన్నాయి. 17,000 అంటే నూటికి రెండు కూడా కావు!

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఉపాధి హామీ చట్టంలోని ఒక చిన్న నిబంధన. 2005లో ఆ చట్టం వచ్చినప్పుడే రెండో షెడ్యూలులో రాశారు: పనిచోటుకు తల్లుల వెంట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది వస్తే, ఆ ఆడవాళ్లలో ఒకరిని పిల్లల దగ్గర కూర్చోబెట్టాలి, ఆమెకూ కూలి ఇవ్వాలి. మట్టి తవ్వినా, తట్ట మోసినా, చెట్టు నీడన ఐదుగురు పసివాళ్లను కనిపెట్టుకుని కూర్చున్నా, అది పనే. పిల్లలను చూడటం కూలి దక్కాల్సిన పని అని మన చట్టమే ఒప్పుకున్న చోటు అది.

మరి అదే ప్రభుత్వం శిశు సంరక్షణ కేంద్రాల్లో ఏం ఇచ్చింది? 2017లో అమల్లోకి వచ్చిన జాతీయ క్రెష్ పథకంలో కార్యకర్తకు నెలకు 3,000 రూపాయలు, సహాయకురాలికి 1,500. ఇద్దరూ కలిసి 25 మంది పిల్లలను, నెలకు 26 రోజులు చూడాలి. లెక్క వేయండి: కార్యకర్తకు రోజుకు 115 రూపాయలు, సహాయకురాలికి 58. ఆ ఏడాది తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి కూలి 197. చెరువులో పూడిక తీసిన మనిషికి దక్కిన దానిలో మూడో వంతు కూడా పసిపిల్లల ముక్కు తుడిచిన సహాయకురాలికి దక్కలేదు. తర్వాత పాల్నాలో కొంత పెంచారు గాని, దాన్ని ఇప్పటికీ గౌరవ వేతనం అనే అంటున్నారు. గౌరవం మాట తర్వాత చూద్దాం, ముందు కూలి కట్టండి.

ఇక పట్నం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి పిల్లల సంరక్షణ కోసం సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు ఉంది. ఆమెకు ఉండాల్సిందే. కానీ కోకాపేటలో ముప్పై అంతస్తుల భవనానికి ఇటుకలు అందించే పాలమూరు ఆడకూలి బిడ్డకు దక్కేది రెండు పిల్లర్ల మధ్య కట్టిన చీర ఉయ్యాల. చుట్టూ సిమెంటు దుమ్ము, పక్కనే ఇనుప చువ్వలు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లలకు గది ఉండాలంది. మేస్త్రీకి పదిమంది చొప్పున విడగొట్టి రాస్తే ఆ లెక్క ఎప్పటికి తేలుతుంది? ఫ్యాక్టరీల చట్టమూ అంతే, 30 మందికి మించి ఆడవాళ్లుంటేనే. ఆడవాళ్లనే లెక్కపెడితే యజమాని ఆడవాళ్లనే తగ్గించుకుంటాడు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు ఈ లెక్కను మార్చి, ఆడా మగా కలిపి 50 మంది అన్నాయి. ఇది మంచి మార్పు. బిడ్డ తండ్రికి కూడా బిడ్డే కదా. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమం కోసమే వసూలవుతోంది. కాబట్టి గదికీ, ఆయాకూ డబ్బు లేదనే మాట చెల్లదు.

ఈ వీడియో చూస్తున్నవాళ్లు ఒక పని చేయండి. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ ప్రాజెక్టు కార్యాలయానికి వెళ్లి అక్కడి అధికారి సీడీపీఓను అడగండి: మా మండలానికి పాల్నా కేంద్రం మంజూరైందా? అయితే ఏ ఊళ్లో ఉంది? పొద్దున ఎన్నింటికి తెరుస్తారు? ఈ చివరి ప్రశ్న మరిచిపోవద్దు. కూలికి ఆరింటికే ఆటో వస్తుంది, కేంద్రం తొమ్మిదికి తెరిస్తే ఆ తల్లికి ఒరిగేదేమీ లేదు. నోటిమాటగా చెప్పి పంపిస్తే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. వచ్చిన జవాబు మండలం పేరుతో సహా కింద రాయండి. అన్నీ కలిపి జిల్లాలవారీగా పట్టిక చేసి వచ్చే వీడియోలో చూపిస్తాను.