ఊరు పెరిగితే లాభం ఎవరికి, ఖర్చు ఎవరికి?

నమస్కారం. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. నా చేతిలో ఉన్న ఈ కాగితం మా ఇంటి పన్ను డిమాండ్ నోటీసు. ఇలాంటిది మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. కరెంటు బిల్లు వస్తే గుమ్మంలోనే నిలబడి యూనిట్లు లెక్క చూసుకుంటాం. ఇంటి పన్ను కాగితం వస్తే మాత్రం అడుగున ఉన్న మొత్తం చూసి, నిట్టూర్చి, గోడ మీద క్యాలెండరు వెనక దోపేస్తాం. ఈ రోజు దాన్ని బయటికి తీసి పైనుంచి కిందికి చదువుదాం. మన ఊరి కాలువలు, వీధి దీపాలు, కుళాయి నీళ్లు, ఊరి చివర కొత్తగా లేస్తున్న ఇళ్లు, అన్నిటి సంగతీ ఈ ఒక్క కాగితంలో ఉంది.

ముందు ఒక చిన్న వరుస చూపిస్తాను. గ్రంథాలయ పన్ను. ఇంటి పన్ను రూపాయి అయితే దాని మీద ఎనిమిది పైసలు. గురజాడ అప్పారావు గారు నడిచిన ఊళ్లో ప్రతి ఇల్లూ పుస్తకాల కోసం ఎంతో కొంత ఇస్తోందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. వసూలు చేసేది పురపాలక సంస్థ, చేరవలసింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. ఆ సొమ్ము సకాలంలో చేరడం లేదని రాష్ట్రమంతటా గ్రంథాలయ సంస్థలు ఏళ్ల తరబడి మొర పెట్టుకుంటూనే ఉన్నాయి. పన్ను కట్టాక మన పని అయిపోయిందనుకుంటే ఏమవుతుందో ఈ ఎనిమిది పైసలే చెబుతాయి.

ఇక పెద్ద అంకె. ఇది ఎలా వచ్చింది? ఇదివరకు మీ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో అంచనా కట్టి, దాని మీద పన్ను వేసేవారు. మన రాష్ట్రంలో నివాస గృహాలకు ఆ అంచనాను చివరిసారి సవరించింది 2002లో. దుకాణాలు, హోటళ్లు వంటి వాటికి 2007లో. ఆ తర్వాత ఊరు ఊరంతా మారిపోయింది, పన్ను మాత్రం అక్కడే నిలబడిపోయింది. 2020లో చట్టం మార్చి, 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువ మీద పన్ను అన్నారు. అంటే రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో మీ స్థలానికి ఉన్న విలువ, దానికి కట్టడం విలువ కలిపి, అందులో ఇంత శాతం. నివాసానికి 0.10 నుంచి 0.50 శాతం మధ్య, నివాసేతర ఆస్తులకు 0.20 నుంచి 2 శాతం మధ్య.

ఈ మార్పు వెనక ఒక కథ ఉంది. 2020లో కరోనా కష్టకాలంలో కేంద్రం రాష్ట్రాలకు అదనంగా అప్పు చేసుకునే వీలు కల్పించి, అందులో కొంత భాగానికి షరతులు పెట్టింది. ఆ షరతుల్లో ఒకటి, పట్టణాల్లో ఆస్తి పన్నును రిజిస్ట్రేషన్ విలువలతో ముడిపెట్టడం. దాన్ని దేశంలో మొదట పూర్తిచేసిన రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. మనకు దాని వల్ల 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకు అనుమతి వచ్చింది. పన్ను పెరిగింది పట్టణవాసికి, అప్పు వెసులుబాటు దక్కింది రాష్ట్రానికి. అప్పట్లో జనం కోపంలో న్యాయం లేదని నేను అనను.

ఒకేసారి భారం పడకుండా ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని నియమం పెట్టారు. వినడానికి తక్కువగానే ఉంటుంది. లెక్క వేసి చూడండి. వెయ్యి రూపాయల పన్ను మొదటి పెంపుతో 1,150 అవుతుంది. తర్వాత 1,322. అయిదో పెంపు నాటికి రెండు వేలు దాటుతుంది. పింఛను మీద బతికే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు పాత పెంకుటిల్లు కోట దగ్గర ఉన్న పాపానికి, ఆ స్థలం విలువ పెరిగినంత మాత్రాన, ఈ పెంపు భరించాలి. ఆయన ఆ స్థలం అమ్మలేదు, అమ్మడు కూడా. ఆయన చేతికి రూపాయి కూడా అదనంగా రాలేదు.

అయినా సరే, మూలధన విలువ మీద పన్ను అనే పద్ధతి తప్పు కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెప్పాలంటే మిమ్మల్ని ఊరి చివరికి తీసుకెళ్లాలి.

మా పిన్ని వాళ్లు కొన్నేళ్ల కిందట నగర పొలిమేర దాటాక ఒక లేఔటులో రెండు వందల గజాలు కొన్నారు. అమ్మిన వ్యాపారి రంగుల కాగితం మీద పార్కు చూపించాడు, నలభై అడుగుల రోడ్డు చూపించాడు. ఇల్లు కట్టుకుని వెళ్లాక చూస్తే రోడ్డంటే ఎర్ర గ్రావెల్ పరిచిన బాట. పక్కన కాలువ లేదు. వాన పడితే ఆ నీళ్లు మూడో ప్లాటులో నిలుస్తాయి, అక్కడ ఇంకా ఎవరూ ఇల్లు కట్టలేదు కాబట్టి. ఇప్పుడక్కడ తుంగ మొలిచింది. మొన్న వెళ్లినప్పుడు పిన్ని వాకిట్లో నీలం డ్రమ్ములు నాలుగు వరసగా పెట్టుకుని ట్యాంకరు కోసం చూస్తోంది. గొట్టం డ్రమ్ములో పెట్టి, అది నిండే లోపే రెండో మూత తీసి సిద్ధంగా ఉంచుతుంది, చుక్క కింద పడకుండా. నన్ను చూసి, "ఉండు నాయనా, నీళ్లు పట్టుకుని వస్తాను" అంది. ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు.

ఆ లేఔటు అమ్మిన మనిషి లాభం తీసుకుని ఎప్పుడో వెళ్లిపోయాడు. అక్కడికి నీళ్ల పైపు వేయాలన్నా, కాలువ తవ్వాలన్నా, దీపం పెట్టాలన్నా ఖర్చు ఎవరిది? ఇవాళ పంచాయతీది, రేపు ఆ ప్రాంతం నగరంలో కలిస్తే మనందరిదీ. విజయనగరానికి తాగునీరు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు కదా, ముషిడిపల్లి దగ్గర గోస్తనీ నుంచి, నెల్లిమర్ల, రామతీర్థం వైపు చంపావతి నుంచి. అక్కడ మోటారు తిరిగిన ప్రతి గంటకూ కరెంటు బిల్లు ఉంది. ఊరు ఒక్కో కిలోమీటరు సాగే కొద్దీ పైపు పొడవు పెరుగుతుంది. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటే అదే పైపు వంద ఇళ్లకు పనికొస్తుంది. మధ్యలో సగం ప్లాట్లు ఖాళీగా ఉంటే యాభై ఇళ్లకే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఊళ్లోకి కొత్త రోడ్డు వస్తే, భోగాపురంలో విమానాశ్రయం వస్తుందంటే, గజం ధర పెరుగుతుంది. ఆ పెరుగుదలకు స్థలం యజమాని తట్టెడు మట్టి ఎత్తలేదు. ప్రజల డబ్బుతో వచ్చిన విలువ అది. అందులో ఊరికి తిరిగి వచ్చేది ఎంత? స్థలం చేతులు మారినప్పుడు రిజిస్ట్రేషన్‌లో బదిలీ సుంకం 1.5 శాతం స్థానిక సంస్థల వాటా. ముప్పై లక్షల స్థలానికి నలభై అయిదు వేలు. మారకపోతే అదీ లేదు. పదేళ్లు, ఇరవై ఏళ్లు ఖాళీగా ఉంచి ధర పెరిగే దాకా కూర్చునే వారి నుంచి ఊరికి రావలసింది ఖాళీ స్థలం పన్ను ఒక్కటే. మీ వీధిలో తుమ్మ చెట్లు పెరిగి, పందులు తిరిగే ప్లాటు ఒకటి ఉండే ఉంటుంది. దాని యజమాని ఏ హైదరాబాదులోనో ఉంటాడు. దాని పక్కనే కుట్టు మిషన్ పెట్టుకుని బతికే ఆమె మాత్రం ఏటా ఇంటి పన్ను కడుతుంది. ఆ ప్లాటులో పెరిగే దోమలు ఆమె ఇంట్లోకే వస్తాయి. విశ్రాంత ఉపాధ్యాయుడి మీద బరువు తగ్గించాలంటే ఆ ఖాళీ ప్లాటు దగ్గర గట్టిగా వసూలు చేయాలి. నేను కోరేది అదే.

ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను మొత్తం కట్టేవారికి 5 శాతం రాయితీ ఉంది. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. కానీ మార్చి నెలాఖరులో ఒక్కోసారి వడ్డీ మాఫీ ప్రకటిస్తారు, 2025లో సగం మాఫీ చేశారు. ఆ నెల వసూళ్లు బాగుంటాయి, నిజమే. కానీ వేళకు కట్టినవాడికి అది ఏం నేర్పుతుంది?

ఇప్పుడు పొరుగు జిల్లాకు వెళదాం. శ్రీకాకుళం. విజయనగరంలాగే దానికీ 2015లో నగరపాలక సంస్థ హోదా వచ్చింది. విజయనగరంలో నగరపాలక సంస్థ తొలి ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. శ్రీకాకుళంలో పురపాలక ఎన్నికలు 2014లోనూ జరగలేదు, 2021లోనూ జరగలేదు. చుట్టుపక్కల పంచాయతీలను కలపడం మీద తెగని వివాదమే దానికి మూలం. పంచాయతీల వారి భయం నాకు అర్థమవుతుంది. పన్ను పెరుగుతుంది, ఉపాధి హామీ పని పోతుంది, కుళాయి మాత్రం ఎప్పుడొస్తుందో తెలియదు. అయితే ఆ గొడవలో నష్టపోయింది ఎవరు? ఏడు రోడ్ల కూడలి దగ్గర కాలువ పొంగితే వెళ్లి నిలదీయడానికి కార్పొరేటరు లేడు. అధికారులు పని చేయరని నేను అనడం లేదు. కానీ బడ్జెట్ సమావేశంలో "మా వార్డుకు ఏం పెట్టారు?" అని అడిగే గొంతు ఉండదు కదా. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పాలకవర్గం గడువు అయిదేళ్లు తీరకముందే ఎన్నికలు పెట్టాలని చెప్పింది. ఎన్నికైన పాలకవర్గం లేని పట్టణానికి కేంద్ర ఆర్థిక సంఘం నిధులు రాబట్టుకోవడమూ కష్టమే.

ఇళ్ల సంగతి కూడా పన్నుతో ముడిపడినదే. విజయనగరంలో సోనియా నగర్, సారిపల్లి వైపు, శ్రీకాకుళంలో పాత్రునివలస వైపు టిడ్కో ఇళ్లు, అంటే పట్టణ పేదల కోసం ప్రభుత్వం కట్టించినవి, చూసే ఉంటారు. 300, 365, 430 చదరపు అడుగులు, మూడు రకాలు. మన రాష్ట్రంలో 375 చదరపు అడుగుల లోపు ఉండి, యజమానే నివసించే ఇంటికి ఏడాదికి యాభై రూపాయలే పన్ను. ఈ నియమం మంచిది, దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. అయితే అలాంటి వెయ్యి ఇళ్ల నుంచి ఏడాదికి వచ్చేది యాభై వేలు. అక్కడి నీటి ట్యాంకు మోటారు కరెంటుకు అది ఎన్ని నెలలు సరిపోతుంది? పేదవాడి దగ్గర తీసుకోవద్దు. ఇళ్లు కట్టించిన ప్రభుత్వాలే వాటి నిర్వహణకు కూడా ఏటా నగరానికి డబ్బు ఇవ్వాలి. తాళం చేతికిచ్చి ఫొటో దిగడంతో ఇల్లు పూర్తి కాదు. రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని అయిదేళ్లకోసారి వేసి, స్థానిక సంస్థల వాటా తేల్చాలని రాజ్యాంగంలో రాసింది ఇలాంటి వాటి కోసమే.

చెత్త పన్ను కూడా ఇంతే. 2021లో మొదలుపెట్టారు, జనం తిట్టుకున్నారు, 2024లో రద్దు చేశారు. ఇంటికి భారం తగ్గింది, మంచిదే. చెత్త మాత్రం రోజూ అంతే వస్తోంది. దాన్ని ఎత్తే కార్మికుల జీతం ఎక్కడి నుంచి రావాలో రద్దు చేసిన రోజే తేల్చి ఉండాల్సింది. 2023 డిసెంబరు చివర్లో పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగినప్పుడు వీధులు ఎలా ఉన్నాయో మనం చూశాం. తెల్లవారుజామున నాలుగింటికి చీపురు పట్టే మనిషికి జీతం వేళకు అందాలి, అది కనీస మర్యాద.

మన పక్కనే ఉన్న మహా విశాఖ నగరపాలక సంస్థ 2018లో 80 కోట్ల రూపాయల బాండ్లు, అంటే అప్పు పత్రాలు, అమ్మి డబ్బు సమీకరించింది. మదుపుదారులు డబ్బు పెట్టే ముందు చూసేది ఒక్కటే, ఆ నగరానికి సొంతంగా ఎంత వస్తుంది, లెక్కలు తేటగా ఉన్నాయా అని. బయటి మదుపుదారుకు చూపించే లెక్క, పన్ను కట్టే మనకు ఎందుకు చూపించకూడదు?

అందుకే ఒక పని చేస్తున్నాను. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాశాను, పది రూపాయల రుసుముతో. మూడు ప్రశ్నలు. మా వార్డులో గత ఏడాది ఇంటి పన్ను ఎంత రావాలి, ఎంత వచ్చింది? ఖాళీ స్థలాలు ఎన్ని ఉన్నాయి, వాటి నుంచి ఎంత వసూలైంది? అందులో మా వార్డు కాలువలకు, దీపాలకు ఖర్చు పెట్టింది ఎంత? ఇదే పట్టికను ప్రతి వార్డు సచివాలయం గోడ మీద, పింఛన్ల జాబితా పక్కనే అంటించాలని విడిగా ఒక వినతిపత్రం కూడా జత చేశాను. చట్టం ప్రకారం జవాబుకు గడువు ముప్పై రోజులు. రేపు ఉదయం ఇచ్చి వస్తున్నాను. జవాబు రాగానే ఆ కాగితం పట్టుకుని ఇక్కడే కూర్చుని, దాన్నీ పైనుంచి కిందికి చదువుతాను.