ప్లగ్ పీకే ముందు

(చెన్నై పెరంబూరులో పిల్లల ఆదివారం తెలుగు తరగతుల వార్షికోత్సవంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు కార్యదర్శిగారు ఇప్పటికే రెండుసార్లు చదివారు కాబట్టి నేను మళ్ళీ చదవను. భోజనాలు పన్నెండున్నరకు అన్నారు. సాంబారు చల్లారితే ఆ పాపం నాకొద్దు.

నాకు ఇచ్చిన విషయం, చదువుకునే పిల్లలు హోంవర్కునీ పాత వీడియో గేములనీ ఎలా సర్దుకోవాలి అని. పక్క గదిలో పాత గేమ్ సెట్టు ఒకటి టీవీకి తగిలించారట. ఆ సంగతి తెలిశాక పిల్లలెవరూ నావైపు చూడటం లేదు. ఫరవాలేదు, చెప్పాల్సింది ఎక్కువగా పెద్దవాళ్ళకే.

తొంభైల్లో మా ఇళ్ళలో ఉన్న సెట్లు చాలావరకు, 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామిలీ కంప్యూటర్‌కి నకళ్ళు. పారీస్ కార్నర్‌లో బస్సు దిగి బర్మా బజారులో బేరమాడి కొనేవాళ్ళం. ఆటలుండే క్యాసెట్ మీద ‘9999 ఇన్ 1’ అని రాసి ఉండేది. అన్ని ఆటలు ఎక్కడివి? పదో పరకో ఉంటే, మిగతావన్నీ అవే పేర్లు మార్చుకుని మళ్ళీ వచ్చేవి. బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి ఉఫ్‌మని ఊది మళ్ళీ గుచ్చేవాళ్ళం. మారియో, కాంట్రా, ఇంకా ఆ ట్యాంకుల ఆట. మా నలుపు తెలుపు సాలిడేర్ టీవీలో ట్యాంకులన్నీ బూడిద రంగే.

ఇక్కడ మా బాబాయి సంగతి చెప్పాలి. ఆయన రెండో వరుసలోనే ఉన్నారు. బాబాయ్, మీ ఎదురుగానే చెబుతున్నా, ఏమీ అనుకోకండి.

మారియోలో ఎనిమిది లోకాలు, ఒక్కో లోకంలో నాలుగు దశలు, మొత్తం 32. దొడ్డిదారి గొట్టాలున్నాయి. 1-2లో, అంటే మొదటి లోకం రెండో దశలో, దూరితే నాలుగో లోకం, 4-2లో దూరితే ఏకంగా ఎనిమిదో లోకం. గొట్టాల్లో దూరకుండా మొత్తం ఆడతానని ఎదురింటి వాళ్ళతో పందెం కాశాను. ఎనిమిదో లోకం, మూడో దశ. సుత్తులు విసిరేవాళ్ళు ఇద్దరిద్దరుగా వస్తుంటారు, ఆడినవాళ్ళకు తెలుసు. ఎదురింటి వాళ్ళంతా నా వెనకే నిలబడి ఉన్నారు. బాబాయి ఆఫీసు నుంచి వచ్చారు. “లెక్కలు చేశావా?” అన్నారు. “ఒక్క నిమిషం బాబాయ్” అన్నాను. ప్లగ్ పీకేశారు.

లెక్కలు అప్పటికే చేసేశాను. నోటుబుక్కు టీవీ మీదే ఉంది!

నవ్వుతున్నారు గానీ, ఆ ‘ఒక్క నిమిషం’ ఏమిటో ఆరోజు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ సెట్టు ఆడేటప్పుడు వాడుకునే జ్ఞాపకం మొత్తం 2 కిలోబైట్లు. కరెంటు తీస్తే పలక తుడిచినట్టే. ప్రాణాలన్నీ పోయినా, టైటిల్ వచ్చినప్పుడు ‘A’ బటన్ నొక్కి పట్టుకుని స్టార్ట్ కొడితే ఆగిపోయిన లోకం మొదటి నుంచే మళ్ళీ ఆడుకోవచ్చు. కానీ దానికి కరెంటు ఉండాలి కదా. మే నెలలో కరెంటు కోతలకు ఒకసారి, మా బాబాయికి ఒకసారి మొదటికి రావాల్సి వచ్చేది.

అమ్మలూ నాన్నలూ, ఒక్క సంగతి గుర్తుంచుకోండి. 1-1లో గడియారం 400 నుంచి దిగుతుంది. అవి సెకన్లు కావు, ఒక్కోటి అర సెకను కూడా ఉండదు. మొత్తం కలిపితే ఇంచుమించు మూడు నిమిషాలు. ఈలోగా దశ దాటాలి, లేకపోతే చావాలి. కాబట్టి “ఆపెయ్” అనే ముందు “ఎన్నో దశ?” అని అడగండి. “ఇది అయ్యాక లే” అనండి. మూడు నిమిషాల్లో ఆటే ఆపిస్తుంది, మీరు అరవక్కర్లేదు.

పిల్లలూ, మీరు నవ్వకండి. మీ ఫోన్లలో ఈ పాత ఆటలు ఆడించే ఎమ్యులేటర్ ఉంది, ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ అవుతుంది. ‘ఒక్క నిమిషం’ అనే హక్కు మీకు లేదు! పైగా చచ్చిన ప్రతిసారీ వెనక్కి తిప్పుకుని ఆడుతున్నారట. అలా ఆడితే గేమ్ ఓవర్ ఎప్పుడొస్తుంది? మాకు మూడు ప్రాణాలు పోతే ప్యాడ్ తమ్ముడికి ఇవ్వాలి, పుస్తకం తీయాలి. మీరూ సేవ్ లేకుండా ఆడండి. లెక్కలు బుర్ర తాజాగా ఉన్నప్పుడు చేసెయ్యండి. తర్వాత మూడు ప్రాణాలు. చూసి రాసే పని ఏదైనా ఉంటే అది ఆఖరికి. మొత్తం హోంవర్క్ అయ్యాకే ఆట అని పెడితే ఏమవుతుందో మా అమ్మాయి సోషల్ నోటుబుక్కు చూస్తే తెలుస్తుంది, అక్షరాలన్నీ పరిగెడుతుంటాయి.

అయినా ప్రతివాళ్ళూ ఆట ఎంతసేపు అని అడుగుతారు. హోంవర్క్ ఎంతసేపు అని అడిగేవాళ్ళు లేరు. 2018 మేలో మన మద్రాసు హైకోర్టే ఒకటి, రెండు తరగతులకు హోంవర్క్ వద్దంది. 2020లో కేంద్రం బడి సంచుల విధానం తెచ్చింది. సంచి బరువు సంగతి అందరికీ గుర్తుంది. అందులోనే హోంవర్క్ సంగతీ ఉంది. మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి 2 గంటలు మించకూడదు. వారానికండీ, రోజుకి కాదు. ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకు గంట, ఆపైన 2 గంటలు. 1989లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే కంప్యూటర్ ఆటలో రాకుమారిని విడిపించడానికి ఇచ్చింది కూడా సరిగ్గా 60 నిమిషాలే. కోట దాటి, కత్తి యుద్ధాలు చేసి, గంటలో తేల్చాలి. మీ ఏడో తరగతి పిల్లలు గంటలో తేలుతున్నారా? చేతులెత్తండి.

ఒక్క చెయ్యి. అది కూడా ఫ్యాన్ వేయమని అనుకుంటా.

మన ఇళ్ళలో ఇంకో చిక్కుంది. 2006లో చట్టం వచ్చాక ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. నేర్చుకోవాల్సిందే, ఉన్న ఊరి భాష. కానీ మా ఇంట్లో తమిళం మాట్లాడతాం, రాయడం ఇద్దరికీ రాదు. ఆ ఒక్క హోంవర్క్ కోసం మా అమ్మాయి పై అంతస్తు అక్క ఖాళీ అయ్యేదాకా కాచుకుంటుంది. ఆ కాచుకునే టైము ఏ లెక్కలోకి వస్తుంది? దానికి తోడు ఆదివారం మన తెలుగు హోంవర్క్. టీచరుగారూ, కోపం వద్దు, రాసే పేజీ పైన ‘ఇరవై నిమిషాలు’ అని ఒక్క ముక్క వేయండి. ఇరవై దాటితే పెన్ను మూసేసి తల్లిదండ్రులతో సంతకం పెట్టించి పంపిస్తాం. బడిలో అడిగాను, కుదరదన్నారు. ఇక్కడైనా మొదలుపెడదాం.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. పక్క గదిలో ఇద్దరిద్దరుగా ఆడండి, ప్రాణాలు పోయినవాళ్ళు లేచి తర్వాతివాళ్ళకు ప్యాడ్ ఇవ్వండి. పెద్దవాళ్ళకు ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి, తమిళ హోంవర్క్ తప్ప ఏదైనా చెబుతాను.