కొలువు బొమ్మ అల్లింది మీరు, ప్యాటర్న్ ఎవరిది?

(చెన్నై స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: కొక్కెం సూదితో దారం అల్లే క్రోషే పని నేర్పే శిక్షకురాలు, ప్యాటర్న్‌లు రాసి అమ్మే రూపకర్త, మేధోసంపత్తి కేసులు చూసే న్యాయవాది.)

వ్యాఖ్యాత: నమస్కారం. దసరా దగ్గర పడుతోందంటే కొలువు బొమ్మల ఆర్డర్లు మొదలవుతాయి. క్రోషే బొమ్మలు అల్లి అమ్మేవాళ్లలో చాలామంది వాడేది వేరొకరి ప్యాటర్న్, అంటే ఏ వరసలో ఏ కుట్టు ఎన్నేసి వెయ్యాలో రాసిన కాగితం. డబ్బిచ్చి కొన్న ప్యాటర్నే కదా, అల్లి అమ్ముకుంటే తప్పేమిటి? లాయరు గారూ, మీరు చెప్పండి.

న్యాయవాది: రెండింటిని విడిగా చూడాలండీ. ప్యాటర్న్‌లోని రాత, చార్టు, ఫొటోలు 1957 కాపీరైట్ చట్టం కిందికి వస్తాయి. రిజిస్టర్ చెయ్యకపోయినా హక్కు ఉంటుంది. రాతకైతే రాసినవాళ్ల జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు. కాపీ తియ్యడం, పంచడం, తెలుగులోకో తమిళంలోకో అనువదించడం, ఇవన్నీ వాళ్ల అనుమతితో జరగాల్సినవే. రెండోది అల్లిన బొమ్మ. ‘కాపీరైట్ కాగితానికే, బొమ్మకి లేదు’ అనే మాట ఎక్కువగా అమెరికా చట్టం చుట్టూ జరిగే చర్చల్లోంచి వచ్చింది. మన సెక్షన్ 14 ప్రకారం కాగితం మీది చిత్రానికి త్రిమితీయ రూపం ఇవ్వడం కూడా కళాకృతి యజమాని హక్కే. అందుకని ఆ ధీమా ఇక్కడ పనికిరాదు.

వ్యాఖ్యాత: అయితే అమ్మకూడదా?

న్యాయవాది: అలాగని తేల్చెయ్యలేం. సెక్షన్ 15 కూడా ఉంది. డిజైన్ల చట్టం కింద నమోదుకు వీలున్నా నమోదు చెయ్యని డిజైన్‌తో, యజమాని గానీ ఆయన అనుమతి ఉన్నవాళ్లు గానీ పారిశ్రామిక పద్ధతిలో 50కి మించి వస్తువులు తయారుచేస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. చేతి అల్లిక పారిశ్రామిక పద్ధతేనా అన్నది వాదించాల్సిన ప్రశ్న.

రూపకర్త: ఆ వాదన తేలేదాకా ఎదురుచూడక్కర్లేదు మేడమ్. ప్యాటర్న్ మొదటి పేజీలోనో చివరి పేజీలోనో షరతులు రాసే ఉంటాయి. ‘చేత్తో అల్లినవి అమ్ముకోవచ్చు, నా పేరు వెయ్యాలి’ అని ఒకరు రాస్తారు. ‘సొంత వాడకానికే’ అని ఇంకొకరు రాస్తారు. కొనకముందే చదవాలి. చదివి కొన్నాక, కోర్టులో నిలబడదులెమ్మని పక్కన పెట్టెయ్యడం మాట తప్పడమే. ఏమీ రాయకపోతే ఒక్క ఈమెయిల్ పంపి అడగండి. జవాబు దాచిపెట్టుకోండి. ఉచితంగా దొరికిన ప్యాటర్న్‌కీ, వీడియో చూసి అల్లినదానికీ ఇదే పద్ధతి. ఉచితం అంటే చూడ్డానికే ఉచితం, అల్లి అమ్మడానికి కాదు.

శిక్షకురాలు: ఎవరి సొత్తూ కానిదేమిటో కూడా చెప్పుకోవాలి, లేకపోతే కొత్తవాళ్లు అనవసరంగా భయపడతారు. మ్యాజిక్ రింగ్‌లో, అంటే అల్లిక మొదలుపెట్టే దారపు చుట్టులో 6 కుట్లు, తర్వాతి వరసల్లో 12, 18, 24, 30, 36. ఇది ఎవరి ఐడియా కాదు, లెక్క. సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం కాబట్టి వరసకు 6 పెంచితేనే గుండ్రం చదునుగా వస్తుంది. తక్కువైతే గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువైతే అంచు అలలు అలలుగా లేస్తుంది. గ్రానీ స్క్వేర్ అనే చదరపు అల్లిక ముక్క కూడా అంతే, అందరిదీ. కొలువులో పెట్టే చెట్టియారు బొమ్మనే తీసుకోండి. పప్పుల దుకాణం ముందు కూర్చున్న చెట్టియారు అనే ఊహ ఎవరైనా వాడుకోవచ్చు. ఒకరు రాసిన ప్యాటర్న్‌లోని పొట్ట వంపు, ముక్కు పెట్టిన చోటు, మీసం కుట్టిన తీరు అలాగే దించేస్తే మాత్రం అది వాళ్ల చెట్టియారే.

వ్యాఖ్యాత: నూటికి ముప్పై వంతులు మార్చేస్తే మనదైపోతుందంటారు?

న్యాయవాది: అలాంటి శాతం ఏ చట్టంలోనూ లేదండీ. అసలు పనిలోని ముఖ్యమైన భాగం మీ బొమ్మలో కనబడుతోందా అనే చూస్తారు.

రూపకర్త: రంగు మార్చి టోపీ పెడితే కొత్త డిజైన్ అయిపోదు. ఫొటో చూసి కుట్లు లెక్కపెట్టి అల్లినదీ సొంత డిజైన్ కాదు.

శిక్షకురాలు: ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు వేరే ఉంది. ఒకావిడ ఆర్డర్లు తీసుకుంటుంది, ఎనిమిదిమంది ఇళ్లల్లో అల్లిపెడతారు. కొన్నది ఒక్క పీడీఎఫ్, వాట్సాప్‌లో ఎనిమిది ఫోన్లకు వెళ్తుంది. అక్కణ్నుంచి అది ఎక్కడాగుతుందో ఎవరికీ తెలీదు. సొంత చేత్తో అల్లి అమ్ముకోమని ఇచ్చిన అనుమతి ఇలాంటి యూనిట్‌కి వర్తించదు. ఎనిమిది కాపీలు కొనండి, లేదా ఎంతమంది అల్లుతున్నారో చెప్పి విడిగా అనుమతి తీసుకోండి.

వ్యాఖ్యాత: ఖర్చు పెరగదా అమ్మా?

శిక్షకురాలు: లెక్క వెయ్యండి. ఉదాహరణకి ప్యాటర్న్ 400 రూపాయలనుకుందాం, దానితో 20 బొమ్మలు అల్లితే బొమ్మకు పడేది 20 రూపాయలు. అరచేయంత బొమ్మకైనా చాలా గంటల కూలీ ఉంటుంది, దాని పక్కన ఇదెంత? మిగుల్చుకోవాలంటే దారం పెద్ద బంతులు కొనండి. అల్లేవాళ్ల కూలీలోంచీ, ప్యాటర్న్ రాసినావిడ దగ్గర్నుంచీ మిగుల్చుకోకండి.

రూపకర్త: పీడీఎఫ్ పంపకుండా నోటితో చెప్పేవాళ్లూ ఉన్నారు. అప్పుడే ఎక్కువ చెడుతుంది. అమెరికా వాడుకలో సింగిల్ క్రోషే అన్నదాన్ని బ్రిటన్ వాడుకలో డబుల్ క్రోషే అంటారు. అమెరికా డబుల్ అంటే బ్రిటన్‌లో ట్రెబుల్. ఏ వాడుకో ప్యాటర్న్ పైనే ఉంటుంది, నోటితో చెప్పేటప్పుడు అది జారిపోతుంది. సింగిల్ వెయ్యాల్సిన చోట పొడుగు కుట్టు పడుతుంది, తల సాగిపోతుంది, సందుల్లోంచి దూది కనబడుతుంది. 4 ప్లై అనే సన్న కాటన్ దారానికి 2.5 మిల్లీమీటర్ల సూది చెబితే 3.5తో అల్లినా ఇదే గతి. ఆ బొమ్మకు నా పేరు తగిలించి అమ్మితే చెడ్డపేరు నాకొస్తుంది. అందుకే పేరు వెయ్యమని అడిగేవాళ్లు పని సరిగ్గా ఉండాలని కూడా అడుగుతారు. దూది కూరేముందు, అన్నిటికంటే వెడల్పైన వరసలో కుట్లు లెక్కపెట్టండి. 36 ఉండాల్సిన చోట 34 ఉంటే విప్పండి.

వ్యాఖ్యాత: సినిమా, కార్టూన్ పాత్రల బొమ్మలో?

న్యాయవాది: ప్యాటర్న్ రాసినావిడ అనుమతి అక్కడ సరిపోదు. పాత్ర ఆవిడది కాదు కదా. తనది కానిదానికి అనుమతి ఎలా ఇస్తుంది? కాపీరైట్‌తో పాటు 1999 ట్రేడ్‌మార్క్ చట్టం కూడా అడ్డొస్తుంది.

వ్యాఖ్యాత: మన నరసాపురం లేసు సంగతేమిటి?

న్యాయవాది: నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపులు నమోదు చేసే రిజిస్ట్రీ ఇక్కడే గిండీలో ఉంది. కుట్టు ఎవరైనా వెయ్యొచ్చు, పేరే వాడకూడదు. చెన్నైలో అల్లిన టేబుల్ గుడ్డ మీద ‘నరసాపురం లేసు’ అని చీటీ అంటిస్తే ఉల్లంఘనే.

శిక్షకురాలు: కేసు సంగతి అటుంచండి, గోదావరి ఒడ్డున ఆడవాళ్లు తరతరాలుగా అల్లి సంపాదించుకున్న పేరది. అక్కడ కొన్న ముక్కకు ఆ ఊరి పేరు చెప్పి అమ్మండి, ఇక్కడ అల్లినదానికి ఇక్కడి పేరు పెట్టండి.

వ్యాఖ్యాత: చివరిగా, అనుమతి లేకుండా ఇప్పటికే 30 బొమ్మలు అల్లేసినవాళ్లు ఏం చెయ్యాలి?

రూపకర్త: అమ్మకం ఆపి ప్యాటర్న్ రాసినవాళ్లకి ఉత్తరం రాయాలి. ఏ ప్యాటర్న్, ఎన్ని అల్లారు, ఎన్ని అమ్ముడుపోయాయి, ఎంతకి అమ్మారు అన్నీ రాయండి, ఒక ఫొటో జతచెయ్యండి. ఎంత ఇవ్వగలరో మీరే చెప్పండి. నా వరకు నేనైతే, అంకెలు సరిగ్గా రాసినవాళ్లకి ఒప్పుకుంటాను. వద్దంటే మాత్రం ఆ 30 ఇంట్లో కొలువులో పెట్టుకోండి, చుట్టాల పిల్లలకివ్వండి. స్టాల్ మీదికి మాత్రం రానివ్వకండి.