గెలిచిన మ్యాచ్‌లో ఎవరెంత ఆడారు: ఫుటీ ఆటగాళ్లను అంచనా కట్టే పద్ధతి

అందరికీ నమస్కారం.

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో, అంటే ఇక్కడ అందరూ ఫుటీ అని పిలిచే ఆటలో, ఓడిన మ్యాచ్ తర్వాత అభిమానులు ఆటగాళ్లను బాగానే తూకం వేస్తారు. ఎవరు బంతి పోగొట్టారు, ఎవరు తన మనిషిని వదిలేశారు అన్నది కోపంలో కూడా గుర్తుంటుంది. లెక్క తప్పేది గెలిచిన తర్వాతే. జట్టు గెలిస్తే 23 మందిలో ఎవరికీ పదికి ఏడు కంటే తక్కువ ఇవ్వబుద్ధి కాదు. గోల్స్ కొట్టినవాడికి తొమ్మిది, 30 సార్లు బంతి అందుకున్నవాడికి తొమ్మిది, మిగతావాళ్లకి పేరు గుర్తొచ్చినదాన్ని బట్టి. అలా ఇచ్చిన రేటింగ్ చూసి ఆ మ్యాచ్ ఎలా గెలిచారో చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే ఇవాళ నేను గట్టిగా చెప్పదల్చుకున్న విషయం ఇది: ఆ రోజు ఆ ఆటగాడికి కోచ్ అప్పగించిన పని ఏమిటో ముందు తేల్చుకోండి, అంకెల జోలికి ఆ తర్వాతే వెళ్లండి.

మనలో చాలామంది క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లం. క్రికెట్ స్కోర్‌కార్డ్ చదివితే మ్యాచ్ సగానికి పైగా అర్థమైపోతుంది, ఎందుకంటే ప్రతి బంతికీ బాధ్యులు ఒకరిద్దరే ఉంటారు. ఫుటీలో ఒకేసారి 36 మంది కదులుతుంటారు. ఎంసీజీలో ఆడే స్థలం సుమారు 160 మీటర్ల పొడవు, 141 మీటర్ల వెడల్పు. 20 నిమిషాల క్వార్టర్ ఆగిన సమయంతో కలిపి అరగంట దాకా సాగుతుంది. ఒక మిడ్‌ఫీల్డర్‌కి 30 డిస్పోజల్స్ వచ్చాయనుకుందాం, అంటే కిక్‌లూ హ్యాండ్‌బాల్‌లూ కలిపి. ఒక్కోదానికి మూడు సెకన్లు వేసుకున్నా బంతి అతని చేతిలో ఉన్నది నిమిషంన్నర. మైదానంలో గడిపిన మిగతా గంటన్నర అతను ఏం చేశాడో డిస్పోజల్స్ లెక్క చెప్పదు. ఎటు పరిగెత్తాడు, ఎవరిని కాచుకున్నాడు, బంతి పోయిన వెంటనే వెనక్కి తిరిగాడా లేదా అన్నవన్నీ ఆ గంటన్నరలోనే ఉన్నాయి.

ఈ ఆటలో పెద్ద లీగ్ అయిన ఏఎఫ్ఎల్‌లో కప్పు ఎవరిదో తేల్చే మ్యాచ్ గ్రాండ్ ఫైనల్. 2018 గ్రాండ్ ఫైనల్ తీసుకుందాం. వెస్ట్ కోస్ట్ 79, కాలింగ్‌వుడ్ 74. మొదటి ఐదు గోల్స్ కాలింగ్‌వుడ్‌వే. అక్కణ్నుంచి వెస్ట్ కోస్ట్ ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది. అయినా చివరి నిమిషాల్లో ఇంకా వెనకబడే ఉంది. అప్పుడు జెరెమీ మెక్‌గవర్న్ తన డిఫెన్స్‌లో కాలింగ్‌వుడ్ దాడిని మధ్యలోనే అడ్డుకుని బంతిని గాల్లోనే పట్టాడు. అది మార్క్. అతను కొట్టిన పొడుగు కిక్‌ని రక్‌మన్, అంటే అంపైర్ పైకి వేసిన బంతి కోసం ఎగిరే పొడగరి, నేథన్ వార్డీ పోటీలో పట్టాడు. వార్డీ నుంచి లియామ్ రయన్‌కి, రయన్ నుంచి బౌండరీ దగ్గరున్న డామ్ షీడ్‌కి. షీడ్ ఆ ఇరుకు కోణం నుంచి గోల్ కొట్టాడు. నాలుగు కిక్‌లు, నాలుగు మార్క్‌లు. ఆ గొలుసులో ఎక్కడా కాలింగ్‌వుడ్ చేతికి బంతి చిక్కలేదు.

ఇప్పుడు దీన్ని ఏఎఫ్ఎల్ ఫ్యాంటసీ పాయింట్లలో, అంటే ఆటగాళ్ల అంకెలతో అభిమానులు ఆడుకునే ఆట లెక్కలో చూడండి. అక్కడ కిక్‌కి 3, మార్క్‌కి 3, హ్యాండ్‌బాల్‌కి 2, ట్యాకిల్‌కి 4, గోల్‌కి 6. మెక్‌గవర్న్‌కి 6, వార్డీకి 6, రయన్‌కి 6, షీడ్‌కి గోల్‌తో కలిపి 12. రెండో క్వార్టర్‌లో ఎవరూ మీదకు రాకుండా, వెనక లైన్‌లో పక్కవాడి దగ్గర బంతి పట్టి తిరిగి ఇంకో పక్కవాడికి ఇచ్చిన డిఫెండర్‌కీ 6 వస్తాయి. ఆ పని రెండుసార్లు చేస్తే గ్రాండ్ ఫైనల్ గెలిపించిన షీడ్ మార్క్, కిక్, గోల్‌తో సమానం. ఇంకో సంగతి. షీడ్ ఆ బంతిని పట్టేటప్పుడు కాలింగ్‌వుడ్ డిఫెండర్ బ్రేడెన్ మేనార్డ్ అడ్డుకోవడానికి దూసుకొస్తుంటే విల్లీ రియోలి అతని దారికి అడ్డంగా వచ్చాడు. అంపైర్ ఫ్రీ కిక్ ఇవ్వలేదు. కాలింగ్‌వుడ్ అభిమానులు ఆ నిర్ణయాన్ని ఈనాటికీ ఒప్పుకోరు, వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. కానీ రియోలి అక్కడ లేకపోతే ఆ మార్క్ అంత తేలిగ్గా షీడ్‌కి దక్కేది కాదు. ఫ్యాంటసీలో దానికి సున్నా.

అలాగని అంకెలు పనికిరావని నేను అనను. వాటిని చదవడం రావాలి, అంతే.

కిక్ సఫలమైందా లేదా అని లెక్కించే తీరు చూడండి. 40 మీటర్ల లోపు కిక్ అనుకున్న మనిషికే చేరితే సఫలం. 40 మీటర్లు దాటిన కిక్ అయితే ఇరుపక్షాలకూ సమాన అవకాశం ఉన్న పోటీలో పడ్డా సఫలమే. ఈ లెక్కతో 90 శాతం దాటిన డిఫెండర్‌ని చూసి మురిసిపోయే ముందు, అతని కిక్‌లలో ఎన్ని ముందుకు వెళ్లాయో, ఎన్ని అడ్డంగా వెళ్లాయో చూడాలి. 65 శాతం ఉన్న మిడ్‌ఫీల్డర్ ముగ్గురు మీద పడుతుండగా గుంపులోంచి బంతి లాగి కిక్ వేస్తుంటాడు. అతనికి కిక్ రాదని తీర్పు చెప్పకండి. కష్టపడి సంపాదించిన బంతి ఎంత, ఖాళీగా నిలబడి అందుకున్న బంతి ఎంత అన్న నిష్పత్తిని శాతం పక్కన పెట్టుకోవాలి.

బిహైండ్ పడ్డాక, అంటే బంతి గోల్ తప్పి పక్క స్తంభాల మధ్యకు పోయాక, డిఫెన్స్ నుంచి బంతిని మళ్లీ ఆటలోకి తెచ్చే పని మామూలుగా ఒకరిద్దరికే ఇస్తారు. ఆ ఆటగాడు గోల్ ముందు గీసిన చిన్న గడి, అంటే గోల్ స్క్వేర్, దాటి ఆడుతూ కొడితే అది కూడా అతని ఖాతాలో కిక్‌గా చేరుతుంది. ప్రత్యర్థి గురి తప్పిన రోజున ఆ డిఫెండర్ అంకెలు వాటంతటవే పెరుగుతాయి. 28 డిస్పోజల్స్ కనిపిస్తే అందులోంచి ఆ కిక్‌లు తీసేసి చూడండి.

రక్‌మన్ విషయంలో అభిమానులు ఎక్కువగా మోసపోతారు. అంపైర్ బంతిని పైకి వదిలినప్పుడు ముందుగా చెయ్యి తగిలించినవాడికి హిట్‌అవుట్ రాస్తారు. 40 హిట్‌అవుట్లు గొప్ప అంకెలాగే కనిపిస్తుంది. కానీ ఆ బంతి మన మిడ్‌ఫీల్డర్ పరుగు దారిలో పడిందా, ఎదుటివాడు ముందే పసిగట్టి ఎగరేసుకుపోయాడా అన్నదే ముఖ్యం. ఎదుటి జట్టు క్లియరెన్స్‌లలో, అంటే ఆ గుంపులోంచి బంతిని బయటికి తీయడంలో, ముందుంటే 40 హిట్‌అవుట్ల రక్‌మన్‌కి ఏడు ఇవ్వడానికి నాకు చెయ్యి రాదు. మైదానం నడిమధ్య ఉన్న సెంటర్ స్క్వేర్‌లో తప్పు ఖరీదు ఇంకా ఎక్కువ. అక్కడ ఆట మొదలయ్యే ప్రతిసారీ ఒక్కో జట్టు నుంచి రెండు చివర్లలోనూ ఆరుగురేసి, మధ్యలో ఆరుగురు నిలబడి తీరాలన్న నిబంధన 2019లో వచ్చింది. కాబట్టి మధ్యలోంచి బంతి శుభ్రంగా బయటికొస్తే డిఫెన్స్‌లో అదనపు మనిషి ఉండడు.

డిఫెండర్ల దగ్గరికొస్తే, "అతని మనిషి మూడు గోల్స్ కొట్టాడు" అనే మాట తరచూ వినిపిస్తుంది. ఇప్పటి జట్లు మనిషికి మనిషిని కట్టేసినట్టు ఆడవు, స్థలాన్ని కాపాడతాయి. ఆ మూడు గోల్స్‌ని ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పి చూడండి. ఇరవై సెకన్లు చాలు. ఒకటి మన మిడ్‌ఫీల్డర్ సెంటర్‌లో హ్యాండ్‌బాల్ తప్పుగా ఇస్తే, అందరూ ముందుకు పరిగెత్తిన తర్వాత పడింది కావచ్చు. ఇంకొకటి వేరేవాడు సాయానికి రావాల్సి ఉండి రానిది కావచ్చు. ఒకరితో ఒకరు తలపడ్డ పోటీలో అతను నిజంగా ఓడిపోయింది ఒక్కటే అని తేలితే ఆ ఒక్కటే అతని ఖాతాలో వేయాలి. తిరగేసి కూడా ఆలోచించండి. మన మిడ్‌ఫీల్డర్లు ఎదుటివాళ్ల మీద విపరీతంగా ఒత్తిడి పెట్టిన రోజున బంతి గుడ్డిగా గాల్లోకి లేచి మన డిఫెండర్ చేతుల్లో పడుతుంది. అతనికి పది ఇంటర్‌సెప్ట్‌లు, అంటే ఎదుటివాళ్ల నుంచి మధ్యలో అందుకున్న బంతులు, వచ్చాయంటే అందులో సగం పేరు ముందు పరిగెత్తి ట్యాకిల్ వేసినవాళ్లది.

వింగ్ ఆటగాడు బంతికి దూరంగా అవతలి అంచున నిలబడి ఉంటే "కనబడనే లేదు" అంటారు. అక్కడ ఉండడమే అతని పని. అతను లోపలికి వచ్చేస్తే బంతిని ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మార్చే దారి మూసుకుపోతుంది. మైదానం కొలత కూడా గమనించండి. జీలాంగ్‌లోని కార్డినియా పార్క్ పొడవు 170 మీటర్లు, వెడల్పు 115 మాత్రమే. ఎంసీజీలో వింగ్ మీద ఖాళీగా 25 సార్లు బంతి అందుకునేవాడికి అక్కడ 15 వస్తే ఆట పడిపోయిందని కాదు.

ట్యాగర్‌ని, అంటే ఎదుటి జట్టులో ఒక మేటి ఆటగాడి వెంటే ఉండి అతన్ని ఆపే పని అప్పగించినవాడిని, అంచనా కట్టడం అన్నిటికంటే కష్టం, ఎందుకంటే ఎదుటివాడి అంకెల్లోనే అతని ఆట కనిపిస్తుంది. 2023లో హాథార్న్ 32 పాయింట్ల తేడాతో కాలింగ్‌వుడ్‌ని ఓడించిన మ్యాచ్‌లో ఫిన్ మాగినెస్ నిక్ డేకస్‌ని నీడలా వెంటాడాడు. ఆ సీజన్‌లో 30 డిస్పోజల్స్ అలవోకగా దాటేస్తున్న డేకస్‌కి ఆ రోజు దక్కినవి 5. మాగినెస్ సొంత అంకెలు చూసి ఆరిచ్చినవాడికి ఆట అర్థం కాలేదనే అంటాను. అయితే అదే మ్యాచ్‌లో డేకస్ మోకాలికి గాయమైంది, తర్వాత కొన్ని వారాలు ఆడలేదు. కాబట్టి ఆ ఐదు మొత్తాన్నీ మాగినెస్ ఖాతాకే రాయడమూ సరికాదు. గాయానికి ముందు ఎంత అన్నది విడిగా చూసి ఇవ్వాలి.

స్కోర్‌ని కూడా జాగ్రత్తగా విప్పి చూడాలి. 2023 గ్రాండ్ ఫైనల్‌లో కాలింగ్‌వుడ్ 12 గోల్స్, 18 బిహైండ్స్‌తో 90 పాయింట్లు చేసింది. బ్రిస్బేన్ 13 గోల్స్, 8 బిహైండ్స్‌తో 86. గోల్‌కి ఆరు, బిహైండ్‌కి ఒకటి కదా, ఒక గోల్ తక్కువ కొట్టిన జట్టే కప్పు గెలిచింది. 18 బిహైండ్స్ చూసి ఫార్వర్డ్‌లందరికీ ఒక పాయింట్ కోసేయడం తొందరపాటు. డిఫెండర్లే బంతిని గీత దాటించిన బిహైండ్స్ కూడా అందులో చేరతాయి, అవి ఏ ఆటగాడి పేరునా ఉండవు. మిగిలినవాటిలో 30 మీటర్ల నుంచి నేరుగా ఉన్న సెట్ షాట్, అంటే మార్క్ లేదా ఫ్రీ కిక్ తర్వాత తీరిగ్గా కొట్టే కిక్, తప్పితే అది తప్పే. ఇద్దరు మీద వేలాడుతుండగా హడావుడిగా ఒళ్లు తిప్పి కొట్టిన స్నాప్ తప్పితే అది ఒత్తిడిలో వచ్చిన పాయింట్. ఆ మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొట్టిన బాబీ హిల్‌కి ఆ ఫైనల్ ఉత్తమ ఆటగాడిగా నార్మ్ స్మిత్ మెడల్ ఇచ్చారు, న్యాయంగానే ఇచ్చారు. చిన్న ఫార్వర్డ్‌ని రేటింగ్ చేసేటప్పుడు గోల్స్ పక్కన ఇన్‌సైడ్ 50 ట్యాకిల్స్, అంటే ఎదుటి గోల్‌కి 50 మీటర్ల గీత లోపల వేసిన ట్యాకిల్స్, పెట్టుకోండి. గోల్ పడని రోజున అతని విలువ అంతా అందులోనే ఉంటుంది.

ఇక పద్ధతి. అందరికీ ఆరుతో మొదలుపెట్టండి. ఆరు అంటే అప్పగించిన పని చేశాడు అని. అక్కణ్నుంచి అర అర పాయింట్ పైకీ కిందికీ కదపండి. మ్యాచ్ అయిన రాత్రే రాయకండి, రీప్లే చూశాక రాయండి. మొత్తం చూసే తీరిక లేకపోతే మొదటి క్వార్టర్, ఫలితం ఇంకా తేలని చివరి పది నిమిషాలు తప్పనిసరిగా చూడండి. 2022 గ్రాండ్ ఫైనల్‌లో జీలాంగ్ సిడ్నీని 81 పాయింట్ల తేడాతో ఓడించింది. అలాంటి గెలుపులో చివరి క్వార్టర్‌లో పోగైన అంకెలకి సగం విలువ ఇస్తే చాలు, ఎదుటి జట్టు అప్పటికే చేతులెత్తేసి ఉంటుంది. మైదానంలో ఎంత శాతం సమయం ఉన్నాడో చూసుకోండి. ఒక క్వార్టర్ కూడా పూర్తి చేయకుండా గాయంతో వెళ్లిపోయినవాడికి రేటింగ్ వద్దు, ఖాళీగా వదిలేయండి. ఆఖర్న ఒకసారి జాబితా అంతా చూడండి. తొమ్మిదిలు ముగ్గురికి మించి ఉంటే మీరు ఆటగాళ్లని కాకుండా స్కోర్‌బోర్డ్‌ని రేటింగ్ చేశారన్నమాట.

ప్రత్యర్థి ఆటగాళ్లనీ అదే జాబితాలో రాయండి. కోచ్‌ల సంఘం అవార్డులో ప్రతి మ్యాచ్‌కీ ఇద్దరు కోచ్‌లూ 5, 4, 3, 2, 1 చొప్పున ఓట్లు వేస్తారు, రెండు జట్ల ఆటగాళ్లూ లెక్కలోకి వస్తారు. ఇద్దరి దగ్గరా మొదటి స్థానం దక్కినవాడికి 10. నాకు ఇది సీజన్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో (Brownlow) మెడల్ కంటే నమ్మదగినదిగా తోస్తుంది. బ్రౌన్‌లో మెడల్ కోసం అంపైర్లు ప్రతి మ్యాచ్‌లో ముగ్గురికి 3, 2, 1 ఓట్లు ఇస్తారు. వాళ్లు బంతి వెంటే పరిగెత్తుతారు కాబట్టి బంతి దగ్గరుండే మిడ్‌ఫీల్డర్లే వాళ్ల కళ్లకి ఆనుతారు. చాలా ఏళ్లుగా ఆ మెడల్ మిడ్‌ఫీల్డర్లని దాటి బయటికి వెళ్లలేదు. గ్రాండ్ ఫైనల్ ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ 1979లో మొదలైంది. ఇన్నేళ్లలో ఓడిన జట్టు నుంచి దాన్ని అందుకున్నవాళ్లు నలుగురే: 1982లో మారిస్ రియోలి, 1989లో గ్యారీ ఆబ్లెట్ సీనియర్, 2002లో నేథన్ బక్లీ, 2005లో క్రిస్ జడ్. గెలుపు ఓట్లని ఎంతగా లాగుతుందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. కాబట్టి మీ జట్టు ఒక గోల్ లోపు తేడాతో గట్టెక్కి, మీ మొదటి ఐదుగురిలో ఎదుటి జట్టువాడు ఒక్కడూ లేకపోతే రీప్లేకి తిరిగి వెళ్లండి. మీ కోచ్ ఎవరి కోసం మ్యాచ్ మధ్యలో డిఫెండర్‌ని మార్చాల్సి వచ్చిందో వెతకండి. ఆ జాబితాలో చేరాల్సిన మనిషి చాలాసార్లు అక్కడే దొరుకుతాడు.