"వయసైపోయింది కదా" అనకండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చినందుకు సంతోషం.

నా దగ్గరికి కుక్కల్ని తెచ్చేవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది. "వయసైపోయింది కదా డాక్టరుగారూ, అందుకే లేవట్లేదు." ఆ మాట వింటే బాధేస్తుంది. వయసు జబ్బు కాదు. చాలాసార్లు అసలు కారణం కీళ్ల నొప్పి. నొప్పెడితే కుక్క ప్రతిసారీ మూలగదు, ఊరికే పడుకుంటుంది. దాన్ని మనం ముసలితనం అనుకుంటాం. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల్లో 7, 8 ఏళ్లకే ఇది మొదలవ్వచ్చు.

మా ఇంట్లో బంటి అని లాబ్రడార్ ఉండేది. 12వ ఏట, గేటు చప్పుడైతే పరిగెత్తుకు రావడం మానేసింది. పడుకున్న చోటే తోకతో నేలను కొట్టేది. ఒకరోజు దాని పక్కనే నేల మీద కూర్చుని చూశాను. లేవబోతుంటే వెనక కాళ్లు నున్నటి టైల్స్ మీద చెరో పక్కకీ జారిపోతున్నాయి. రెండుసార్లు ప్రయత్నించి, నా మొహంలోకి చూసి, మళ్లీ గడ్డం నేలకానించింది. ఆ చూపు నేను మర్చిపోలేను.

ఆ సాయంత్రమే పాత జంబుఖానా తీసి, దాని పడక నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కణ్నుంచి గుమ్మం దాకా పరిచాం. పెరిగిన గోళ్లు, పాదాల కింద వెంట్రుకలు కత్తిరించాను. నొప్పికి మందు మొదలుపెట్టాను. కొన్నాళ్లకు గేటు దగ్గరికి వచ్చింది. మెల్లగానే, కానీ వచ్చింది.

మందంటే గుర్తొచ్చింది. మనం వేసుకునే పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ మీ అంతట మీరు వేయకండి. ప్రాణం మీదకొస్తుంది. కుక్కలకు వేరే మందులున్నాయి.

బరువు తగ్గిస్తే కీళ్లకు సగం ఊరట. చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలి. నడక ఒకేసారి గంట వద్దు. పది పదిహేను నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు చాలు, అదీ ఎండలో తారురోడ్డు మీద కాదు.

చూపు మసకబారినా, చెవులు మందగించినా, ముక్కు చాలాకాలం పనిచేస్తుంది. అందుకే స్తంభం దగ్గర ఆగి వాసన చూస్తుంటే గొలుసు లాగకండి, దాని ఇష్టానికి వదిలేయండి. నడవలేని రోజున పాత తువ్వాల్లో నాలుగు బిస్కెట్ ముక్కలు చుట్టి ముందు పెట్టండి. బంటి అరగంట సేపు వెతుక్కునేది, చెవులు నిక్కబొడుచుకుని, కుక్కపిల్లలాగా.

రాత్రిళ్లు ఇల్లంతా తిరుగుతున్నా, గోడకేసి చూస్తూ మూలన నిలబడిపోతున్నా తిట్టకండి. అది మతిమరుపు జబ్బు కావచ్చు. చిన్న లైటు వేసి ఉంచండి, సామాన్లు అటూ ఇటూ మార్చకండి, డాక్టరుకి చెప్పండి. ఎలాగూ ఈ వయసులో ఆర్నెల్లకోసారి పరీక్షలు అవసరమే.

ఇంటికెళ్లాక ఒక పని చేయండి. కాసేపు నేల మీద కూర్చుని, మీ కుక్క పడుకుని లేవడం ఫోన్లో వీడియో తీయండి. ఇంట్లో కుంటే కుక్క కూడా క్లినిక్‌లో టెన్షన్ వల్ల మామూలుగా నడిచేస్తుంది. వచ్చేటప్పుడు ఆ వీడియో తీసుకురండి, కలిసి చూద్దాం.