కోటిలింగాల రేవు: నది ఒడ్డు దహనవాటిక చరిత్ర

సభకు నమస్కారం.

రాజమహేంద్రవరం చరిత్ర అనగానే రాజరాజ నరేంద్రుణ్ణి, వీరేశలింగం పంతులు గారిని తలచుకుంటాం గానీ, తరతరాలుగా ఊరివాళ్లను సాగనంపుతున్న రేవు గురించి సభల్లో మాట్లాడుకోం. కోటిలింగాల రేవు పక్కన, ఇప్పుడు కైలాసభూమిగా పిలుచుకుంటున్న ఆ చోటి చరిత్రను నడిపించింది ప్రధానంగా గోదావరి నీటిమట్టమేనని నా అభిప్రాయం.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు వేసవిలో నది పాయలుగా చీలి ఒడ్డుకు దూరంగా జరిగేది కనుక, స్నానానికీ చితి ఆర్పడానికీ నీళ్లు చేరువలో ఉండాలంటే ఇసుకతిన్నెల మీదే కట్టెలు పేర్చుకుని ఉంటారని ఊహించవచ్చు. ఆనకట్ట ఊరికి దిగువన కొద్ది మైళ్లలోనే ఉండడంతో, అది కట్టాక నీరు వెనక్కి ఎగదన్ని ఎండాకాలంలో కూడా మన రేవుల్లో నిలవసాగింది. తిన్నెలు మునిగాక ఒడ్డు మీదే స్థిరమైన చోటు కావలసి వచ్చింది.

1866లో మునిసిపాలిటీ ఏర్పడింది. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం శ్మశానాలకు నమోదునూ అనుమతినీ తప్పనిసరి చేసింది.

కానీ చట్టం గీసిన హద్దును వరద లెక్కచేయదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చిన రోజుల్లో లంక గ్రామాల్లో కొరివి పెట్టడానికి పొడినేల దొరకడమే గగనమైంది. అటువంటప్పుడు శవాన్ని పడవలో ఏటిగట్టుకు చేర్చవలసిందే. డెల్టాలో ఎన్నో ఊళ్లకు శ్మశానం కాలువగట్టు మీదో, పంటకు పనికిరాని పుంత పక్కనో మిగలడానికి కారణం కూడా మాగాణి విలువే. ఆ కాస్త చోటు కూడా అన్ని కులాలకూ సమానంగా దక్కలేదన్నది ఈ చరిత్రలో నన్ను బాగా బాధించే భాగం.

ఒక శవానికి మూడు నాలుగు వందల కిలోల కట్టె పడుతుంది. వానాకాలంలో తడికట్టెను ఎలా పేర్చాలో, ఏ వైపు నుంచి గాలి అందేలా చూడాలో, వరద ఏ మెట్టు దాకా వస్తే చితిని పైకి జరపాలో కాటికాపరికి తెలుసు. మరణాల రిజిస్టర్లలో పోయినవారి పేర్లు ఉంటాయి; దహనం చేసిన చేతుల పేర్లు ఉండవు. 2027 పుష్కరాల పనులతో రేవుల రూపు మళ్లీ మారే అవకాశం ఉంది. ఈలోగా ఆ కాటికాపరుల కుటుంబాల పెద్దల చేత ఏ వరదకు నీరు ఎక్కడిదాకా వచ్చిందో, ఏ చోటు ఎప్పుడు మారిందో చెప్పించి, వారి పేర్లతో సహా రాసిపెట్టే పనిని ఇక్కడి కళాశాలల చరిత్ర శాఖలు చేపట్టాలని కోరుతున్నాను.