మామా, ఒక్క సంతకం! స్నేహంలో ‘కుదరదు’ అనే మాట గురించి

తెర మీద: టీ కొట్టు బల్ల. రెండు చాయ్ గ్లాసులు, ఒక ఫారం, దాని మీద పెన్ను.

నమస్తే అండి. ఈ బల్ల మీద ఉన్నది చీటీ షూరిటీ ఫారం. ఏడేళ్ల కిందట ఇలాంటిదే ఒకటి నా ముందుకు వచ్చింది. తెచ్చినవాడు ఇంటర్ నుంచి నాతో చదువుకున్నవాడు. అల్లం చాయ్ చెప్పాడు, ఉస్మానియా బిస్కెట్లు చెప్పాడు, డబ్బులు కూడా వాడే ఇచ్చాడు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.

“మామా, చీటీ పాడుకున్నా. ముగ్గురు షూరిటీ కావాలంటున్నారు, ఇద్దరు దొరికారు. జస్ట్ ఒక్క సంతకం, మూడు నెలల శాలరీ స్లిప్పులు. అంతే.”

వద్దని మనసు చెబుతూనే ఉంది. నోరు మాత్రం “దాందేముందిరా” అనేసింది. ఫారంలో ఏం రాసుందో చదవలేదు. వాడు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టుకుంటూ పోయాను. నాలుగు చోట్ల అనుకుంటా. చివరి సంతకం మీద బిస్కెట్ పొడి పడితే వాడే ఊదాడు.

ఐదు వాయిదాలు కట్టాడు. ఆరో నెల ఫోన్ నాకు వచ్చింది.

తెర మీద: ‘భారత ఒప్పందాల చట్టం, 1872. సెక్షన్ 128’

మనలో చాలామంది షూరిటీ అంటే సాక్షి సంతకం లాంటిదనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాదండి. ఈ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీ ఉన్నవాడి బాధ్యతా అంతే. ముందు వాణ్ణి పూర్తిగా పిండి, మిగిలినదానికి నీ దగ్గరికి వస్తామనే రూలేమీ లేదు. నెలనెలా జీతం వచ్చే మనిషి ఎక్కడికీ పారిపోడు కాబట్టి ముందు మన ఫోనే మోగుతుంది. బ్యాంకు లోన్ అయితే మన అప్పుల చరిత్ర చూపించే సిబిల్ రిపోర్టులో కూడా కనిపిస్తుంది.

పద్నాలుగు నెలలు కట్టాను. వాడు నా ఫోన్ ఎత్తడం మానేశాడు, కొన్నాళ్లకు నేను చేయడం మానేశాను. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఈ కథను నేను మా బ్యాచ్‌లో కనీసం పదిమందికి చెప్పాను. ప్రతిసారీ కాస్త మసాలా వేసి చెప్పాను. వాడితో ఒక్కసారి కూడా గట్టిగా మాట్లాడలేదు. అది వాడి తప్పు కాదు, నాదే.

తెర మీద: పాత సినిమా హాలు, తెర లేస్తున్న దృశ్యం.

స్నేహితుడికి కాదనకూడదని నాకు ఎవరు నేర్పారు? ఇంట్లో నేర్పలేదు. మా నాన్నయితే “సంతకం పెట్టేముందు నన్నడుగు” అని పోరేవాడు. నాకు నేర్పింది తెర.

1977 సంక్రాంతికి ‘దాన వీర శూర కర్ణ’ వచ్చింది. తెలుగునాట కర్ణుడంటే, దుర్యోధనుడంటే, వాళ్ల స్నేహమంటే ఇప్పటికీ చాలామందికి ఆ సినిమానే గుర్తొస్తుంది. ఎన్టీఆర్ అందులో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తనే వేశారు, దర్శకత్వమూ తనదే. గమనించారా, ఆ స్నేహితులిద్దరూ ఒకే మనిషి! ఇంక కాదనేవాడు ఎక్కణ్నుంచి వస్తాడు?

కథలోకి వెళ్దాం. నిండు సభలో కులం అడిగి కర్ణుణ్ణి చిన్నబుచ్చుతుంటే, దుర్యోధనుడు అక్కడికక్కడే అంగరాజ్యం ఇచ్చి పట్టం కట్టాడు. ఎంత గొప్ప సాయం! ఆ సాయానికి కర్ణుడు జీవితాంతం వాయిదాలు కట్టాడు. మనం ఇక్కడిదాకే చెప్పుకుని చప్పట్లు కొడతాం. కానీ వ్యాసుడి ఉద్యోగపర్వంలో ఇంకో ముక్క ఉంది. యుద్ధానికి ముందు కృష్ణుడు పక్కకు పిలిచి జన్మరహస్యం చెప్పినప్పుడు, కర్ణుడు పక్షం మారనంటాడు. అంటూనే, దుర్యోధనుణ్ణి మెప్పించడానికి పాండవులను నానా మాటలూ అన్నాను, దానికిప్పుడు కుమిలిపోతున్నానని చెప్పుకుంటాడు. ఎవరితో చెప్పుకున్నాడో చూడండి. అవతలి పక్షం తరఫున వచ్చిన కృష్ణుడితో. ఆ మాట దుర్యోధనుడికి ముఖం మీద చెప్పినట్టు నాకైతే ఎక్కడా కనిపించలేదు. కర్ణుడి విధేయతను నేను తక్కువ చేయట్లేదు. కానీ అన్నేళ్ల స్నేహంలో మనసులో మాట చెప్పుకోవడానికి ఆ స్నేహితుడే పనికిరాలేదంటే, దాన్ని ఆదర్శమని పిల్లలకు చెప్పే ముందు కాస్త ఆలోచిస్తాను.

మామూలు మసాలా సినిమాకొస్తే హీరో పక్కన ఒక ఫ్రెండ్ ఉంటాడు. వాడికి ఉద్యోగం ఉండదు, పరీక్షలుండవు, ఇంట్లో మందులు కొనాల్సిన అమ్మ ఉండదు. అర్ధరాత్రి గోడ దూకాలంటే రెడీ, చెంపదెబ్బ తినాలంటే రెడీ. హీరోయిన్ ఫ్రెండ్ పరిస్థితి ఇంకా అన్యాయం. “ఎవరే అతను?” అని అడిగి, పాటలో వెనక నాలుగు స్టెప్పులేసి వెళ్లిపోతుంది. ఆమెకంటూ ఒక కథ ఉంటే కదా ‘నాకు టైమ్ లేదే’ అనడానికి!

అందుకే 2018 జూన్ 29న వచ్చిన ‘ఈ నగరానికి ఏమైంది’ కొంచెం తేడాగా అనిపిస్తుంది. నలుగురు ఫ్రెండ్స్. ఒకడు డబ్బింగ్ చెబుతుంటాడు, ఒకడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాడు. నలుగురిలో ఒక్కడు కూడా మిగతావాళ్ల కోసం మాత్రమే పుట్టినవాడు కాదు. ఎవడి బతుకు వాడికుంది, అయినా కలిస్తే చాలు ఎక్కడ ఆపారో అక్కణ్నుంచే మొదలుపెడతారు. సరిగ్గా ఐదేళ్లకు, 2023 జూన్ 29న మళ్లీ రిలీజ్ చేస్తే కుర్రాళ్లు థియేటర్లలో ప్రతి డైలాగూ ముందే అరిచారు. తమ బ్యాచ్‌ని తాము చూసుకోవడానికి వెళ్లారనుకుంటాను.

తెర మీద: పొలం గట్టు మీద నడుస్తున్న ఇద్దరు.

‘బౌండరీస్’ అని ఈమధ్య రీల్స్‌లో తెగ వినిపిస్తోంది. తెలుగులో ‘హద్దు’ అందామంటే, “నీ హద్దుల్లో నువ్వుండు” అని తిట్టినట్టు ఉంటుంది. నాకు మాత్రం పొలం గట్టు గుర్తొస్తుంది. గట్టు గోడ కాదు. దాని మీద ఇద్దరు రైతులూ నడుస్తారు, కూర్చుని సద్దన్నం తింటారు, గట్టు మీద కంది మొక్కలేస్తే ఇద్దరూ తలో గుప్పెడు కోసుకుంటారు. గట్టు చెరిగిపోయిన ఏడాదే తగాదా మొదలవుతుంది.

మన గట్టును కోసేసేది మొహమాటం. దీనికి సరైన ఇంగ్లీష్ మాట నాకింతవరకు దొరకలేదు. సిగ్గు కాదు, భయం కాదు, మర్యాద అసలే కాదు. పైగా మనం ఫ్రెండ్‌ని ఏమని పిలుస్తాం? మామా, బావా, కాకా, అన్నా. అన్నీ చుట్టరికాలే. నోటితో చుట్టరికం కలిపేసుకున్నాక, మేనమామకు లేదని చెప్పలేని బిడియం ఫ్రెండ్ దగ్గరికీ వచ్చేస్తుంది.

అప్పుడు మనం వాడే మాట ‘చూద్దాం’. “చూద్దాంలేరా”, “ట్రై చేస్తా”, “ఇంట్లో అడిగి చెప్తా”. చెప్పేవాడికి అది కాదనడమే. వినేవాడికి ముప్పాతిక వంతు ఔననడం. నువ్వు కాదన్నానని హాయిగా పడుకుంటావు, వాడు నీ మీద లెక్కలేసుకుని ఇంకెవర్నీ అడగకుండా ఆగిపోతాడు. వాయిదా రోజు పొద్దున ఫోన్ చేసి “అదేంట్రా, చూద్దామన్నావ్ కదా” అంటాడు. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవర్ని మోసం చేసినట్టు? నా అనుభవంలో సూటిగా ‘కుదరదు’ అన్నందుకు వారం రోజులు అలిగినవాళ్లున్నారు. ‘చూద్దాం’ అన్నందుకు ఏళ్ల తరబడి మాట్లాడనివాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు నేను చెప్పే మాట ఇది: “షూరిటీ నేను పెట్టనురా. ఎవరికీ పెట్టను, మా బావమరిదికి కూడా పెట్టలేదు. ఐదు వేలైతే ఇవ్వగలను, తిరిగి ఇవ్వకపోయినా అడగను.” ఇందులో బలమంతా ‘ఎవరికీ’ అన్న మాటలోనే ఉంది.

దీన్ని నేను నేర్చుకున్నది, నవ్వకండి, నెట్‌ఫ్లిక్స్ దగ్గర. మా బ్యాచ్‌లో ఒక్కడు డబ్బు కట్టేవాడు, ఆరుగురం చూసేవాళ్లం. వాడు ఏనాడూ ఏమీ అనలేదు. కానీ శుక్రవారం రాత్రి వాడు చూద్దామంటే ‘ఎక్కువ స్క్రీన్లు వాడుకలో ఉన్నాయి’ అని వచ్చేది. పాపం, వాడు లాగిన్ అవడానికి మాకు మెసేజ్ పెట్టి బతిమాలేవాడు! 2023 జులై 20న కంపెనీ ఇండియాలో కూడా పాస్‌వర్డ్ పంచుకోవడానికి అడ్డుకట్ట వేసింది. ఆరుగురిలో ఒక్కడు కూడా వాడి మీద అలగలేదు. అందరికీ ఒకే రూల్ అయినప్పుడు అది నా మొహం చూసి చెప్పినట్టు అనిపించదు కాబట్టి.

అయితే బౌండరీ అనే మాటను తాడులా వాడి అవతలివాణ్ణి కట్టేసేవాళ్లూ తయారయ్యారు. “నువ్వు ఆ గ్యాంగ్‌తో తిరగొద్దు, అది నా బౌండరీ” అంటే అది ఆర్డర్ అండి. “రాత్రి పదకొండు దాటాక నేను ఫోన్ ఎత్తను” అంటే అది బౌండరీ, ఎందుకంటే ఎత్తకపోవడం నా చేతిలో పని. ఇక ఒక్కసారి పుట్టినరోజు మర్చిపోతే ‘టాక్సిక్’ అని బ్లాక్ కొట్టే పద్ధతి గురించి నేనేమీ మాట్లాడను. అలా చేసేవాళ్లు ఈ వీడియో ఇంతదాకా చూసి ఉండరు.

తెర మీద: హైదరాబాద్, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ గేటు. సాయంత్రం.

ఇప్పుడు ఒక కుర్రాడి సంగతి. పేరు చెప్పను. గ్రూప్స్‌కి చదువుతున్నాడు. చిక్కడపల్లి లైబ్రరీ తెలిసినవాళ్లకు ఈ బాధ తెలుసు. అక్కణ్నుంచి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నడిచి వెళ్లేంత దూరం. పెద్ద హీరో సినిమా రిలీజ్ రోజు సుదర్శన్ థర్టీఫైవ్ ఎంఎం థియేటర్ దగ్గర డప్పులు మోగుతుంటే, ఇక్కడ చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పాలిటీ చదవాలి. ఫ్రెండ్స్ అంతా క్యూలోనే ఉన్నారు. ఫోన్ మీద ఫోన్.

మొదటి ఏడాది అన్ని సినిమాలకూ వెళ్లాడు, రాత్రి రూముకొచ్చి తనని తానే తిట్టుకున్నాడు. రెండో ఏడాది గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టాడు. నాకు చూపించాడు, అలాగే చదువుతున్నా: “పరీక్ష అయ్యేదాకా ఫస్ట్ డే షోలకు రాను. ఆదివారం సాయంత్రం ఆరు తర్వాత మీవాణ్ణే. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తా.”

జవాబులు ఎలా వచ్చాయో మీరు ఊహించగలరు. “కలెక్టర్ గారికి దండాలు.” “సార్ అపాయింట్‌మెంట్ ఇచ్చారు.” రెండు వారాలు ఆదివారం ఎవరూ పిలవలేదు. మూడో ఆదివారం ఆరింటికి వీడు పుస్తకాలు సర్దుకుని బయటికొస్తే, గేటు దగ్గర ఇద్దరు బండి మీద కూర్చుని ఉన్నారు. గ్యాంగ్‌లో మిగతా నలుగురు ఇప్పటికీ రారు. ఆ ఇద్దరు మాత్రం వారం తప్పరు.

ఆదివారం ఆరు నుంచి తొమ్మిదిదాకా అనుకున్నా, వారానికి మూడు గంటలసేపు కలిసి ఉండటం తక్కువేం కాదు. అమెరికాలో కాన్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ 2018లో దీని మీద ఒక పరిశోధన బయటపెట్టారు. ఆయన లెక్కలో ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి దాదాపు 50 గంటలు, ఫ్రెండ్ అనుకోవడానికి 90, ప్రాణస్నేహితులు కావడానికి 200 పైనే పడుతుంది. అదీ సరదాగా గడిపిన గంటలు. ఆఫీసులో పక్కపక్క సీట్లలో కూర్చున్న సమయం అంతగా కలిసిరాదట. ‘ఆర్‌ఆర్‌ఆర్’లో వంతెన దగ్గర కలిసిన ఇద్దరు ఒక్క పాటలో ప్రాణమిత్రులైపోతారు. మనకు ఆ వెసులుబాటు లేదు, గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే. వారానికి మూడు గంటలంటే ఏడాదికి 150 దాటుతాయి. చదువు పాడుచేసుకోకుండా.

తెర మీద: మళ్లీ అదే టీ కొట్టు. ఈసారి బల్ల ఖాళీ.

షూరిటీ వాడి సంగతి సగంలో వదిలేశాను కదా. పోయిన నెల మెసేజ్ పెట్టాడు. “మామా, ఎలా ఉన్నావ్?” అంతే. రెండు రోజులు చూస్తూ ఉండిపోయాను. వేళ్లు ‘చూద్దాం’ అని టైప్ చేయబోయాయి, అబద్ధమెందుకు. చెరిపేసి రాశాను: “బానే ఉన్నాన్రా. చాయ్‌కి వస్తా. ఆ చీటీ డబ్బుల సంగతి ముందు మాట్లాడుకుందాం. సంతకాలు మాత్రం అడక్కు.”

చాలాసేపు ‘టైపింగ్’ అని వస్తూ పోతూ ఉంది. చివరికి వచ్చిన జవాబు ఇది: “సరే మామా. చాయ్ డబ్బులు మాత్రం ఈసారి నువ్వే ఇవ్వాలి.”